బండి కాలికి నల్లతాడు

ఆదివారం తెల్లవారి ఆరున్నర కల్లా పెనుకొండలో ఆంజనేయులు షెడ్డు ముందర తక్కువంటే పది బండ్లు నిలబడి ఉంటాయి. హిందూపురం వాళ్లు సోమందేపల్లి మీదుగా వస్తారు. ధర్మవరం వాళ్లు అటు పైనుంచి దిగుతారు. రెండు ఊళ్లకూ పెనుకొండ నడిమధ్య కాబట్టి, మేం మీకోసం ఇంత దూరం వచ్చామని ఎవరూ ఎవరినీ దెప్పడానికి ఉండదు. పక్కనే యల్లక్క టీ బంకు. ఆమె ఎవరికి చక్కెర తక్కువో, ఎవరికి అల్లం ఎక్కువో అడగకుండానే పోసి ఇస్తుంది. టీ తాగి, గంటసేపు బండ్ల గురించి పోట్లాడుకుని, అందరూ కలిసి ఏదో ఒక దిక్కుకు సవారీ పోతారు.

పోయే ముందర ఒక ఆచారం ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. ప్రతి బండికీ ఒకసారి ఆంజనేయులు చెవి పెట్టాలి. మూర పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఉంది ఆయన దగ్గర, చెక్క పిడిది. దాని మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. నాలుగు లెక్కపెట్టేంతలో కళ్లు తెరిచి "పో నాయనా" అంటాడు. ఆ మాట వినకుండా గేరు వేసినవాడు ఆ గుంపులో లేడు.

ఆ స్క్రూడ్రైవరు ఆయన నాయన లక్ష్మీనారాయణ ఇచ్చింది. వాళ్లది కనగానపల్లి దగ్గర పల్లె. ఏడెకరాల వేరుశనగ చేను, ఒక బావి, బావి మీద ఆయిల్ ఇంజను. లక్ష్మీనారాయణ నీళ్లు కట్టే వేళ బావి గట్టున తువ్వాలు పరుచుకుని, ఇంజను దడదడల్లోనే హాయిగా నిద్రపోయేవాడు. ఆ చప్పుడులో వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే చాలు, ఎవరో తట్టి లేపినట్టు లేచి కూర్చునేవాడు. తండ్రి పక్కన పడుకుని ఆంజనేయులు నేర్చుకున్న చదువు అదే. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. ఈ చదువు అరవై ఒకటో ఏట కూడా సాగుతూనే ఉంది. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, ఆంజనేయస్వామి పటం ముందర కర్పూరం వెలిగించి, ఆ స్క్రూడ్రైవరును కళ్లకద్దుకున్నాకే ఆయన ఏ బండినైనా ముట్టుకుంటాడు.

అలాంటి ఆదివారపు గుంపులో, మూడు నెలలుగా ఒకటే గొడవ. 'సహ్య' అని కొత్త బండి ఒకటి విడుదలైంది. ఎత్తుగా, పొడుగు కాళ్లతో, తారు రోడ్డయినా రాళ్ల దావ అయినా ఒకటే అన్నట్టు పోయే బండి. దూరాలు పోయేవాళ్ల కోసం చేసింది. విడుదలైన వారానికే హిందూపురం అమర్‌నాథ్ షోరూము వాళ్లను బతిమాలి, నడిపి చూసేందుకు పెట్టే డెమో బండి ఒకటి పెనుకొండ దాకా తోలుకొచ్చాడు. అమర్‌నాథ్‌ది మందుల షాపు. బండ్ల గురించి ఫోనులో వచ్చే ప్రతి వీడియో చూస్తాడు, చూసినదల్లా కంఠతా చెప్తాడు.

"నూటా తొంభై ఆరు కిలోలు. సీటు ఎత్తు ఎనిమిది వందల ఇరవై అయిదు మిల్లీమీటర్లు. ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలు. ఈ ధరకి ఇట్లాంటిది ఇంగోటి లేదన్నా, ఇండియాలోనే లేదు."

"నువ్వు అమ్మేది మందులా, మిల్లీమీటర్లా?" అన్నాడు కృష్ణకాంత్. ఆయనది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. మనిషి భారీ, ఆయన పాత బండి చప్పుడు అంతకన్నా భారీ. "బండి అంటే ఏందబ్బా? వస్తాండాదని రెండు వీధుల అవతలికి తెలియాల. దీన్ని స్టార్ట్ చేస్తే మా ఇంట్లో మిక్సీలో చట్నీ వేసినట్ల ఉండాది."

"చప్పుడు కావాలంటే పెండ్లి బ్యాండు పెట్టుకోప్పా."

"నీ బండికి గుండె లేదు అంటాండా. గుండె ఉంటే కొట్టుకోవాల కదా?"

యల్లక్క టీ గ్లాసులు తెచ్చి, కొత్త బండిని కిందినుంచి పైకి చూసింది. "ఒంటె మాదిరి ఉండాది కదప్పా. ఎక్కేదానికి నిచ్చెన కూడా ఇస్తారా?"

అందరూ నవ్వారు. నవ్వనిది ఒక్క ప్రియదర్శిని. ఆ అమ్మాయి అప్పటికే బండెక్కి కూర్చుని, ఎడమ కాలి మునివేళ్లతో నేలను అందుకుని, హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

ప్రియదర్శిని హిందూపురం సుబ్బారావు శెట్టి కూతురు. వాళ్లది చింతపండు మండీ. నాలుగేళ్లుగా సరుకు కొనే పని ఆమె మీదే నడుస్తోంది. గోరంట్ల పక్క పల్లెలు, ఇంకా అటు పైన నంబులపూలకుంట దాకా, చెట్టు కాపు మీద ఉండగానే పోయి చూసి, రైతుతో మాట్లాడి రావాలి. ఆ దావలన్నీ గులకరాళ్లు, వాగులు, వంకలు. పోయిన వేసవిలో ఆమె పాత బండి నంబులపూలకుంట పక్కన ఒక వంకలో మొరాయించింది. మిట్టమధ్యాహ్నం. ఫోనుకు సిగ్నల్ లేదు, నీడ లేదు. దాసమ్మ అని మేకలు కాసే ఆమె చూసి, తన నీళ్ల సీసా ప్రియదర్శినికిచ్చి, మేకలు ఎటు పోయినా పోనీ అని మూడు గంటలు పక్కనే కూర్చుంది. ట్రాక్టరు ఒకటి వచ్చేదాకా కదలలేదు. ఆ సంగతి సుబ్బారావుకు తెలిసిన రోజు నుంచి, కూతురు బండెక్కితే, మళ్లీ ఇంటి ముందర దిగేదాకా ఆయన గల్లాపెట్టె దగ్గర నిలకడగా కూర్చోలేడు.

"మామా, నువ్వు చెప్పు" అంది ప్రియదర్శిని ఆ రోజు, బండి దిగకుండానే.

ఆంజనేయులు చెవి పెట్టాడు. మామూలుగా నాలుగు లెక్కపెట్టేంత సేపు చాలు. ఆ రోజు చాలాసేపు కళ్లు తెరవలేదు. తర్వాత బండిని తానే ఎక్కి, కొండ కిందికి పోయే రాళ్ల దావన ఒక చుట్టు వేసి వచ్చాడు. దిగి, చేతులు తుడుచుకున్నాడు.

"దీని తలకాయలో ఏమేం పెట్టినారో నాకు తెలీదు. అదంతా కంప్యూటరు. కానీ ఇంజను అబద్ధం చెప్పడం లేదు. తీసుకోమ్మా."

"అంతేనా?" అన్నాడు కృష్ణకాంత్ నిరాశగా.

"అంతే నాయనా."

ఆ సాయంత్రమే సుబ్బారావు ఫోన్ చేశాడు. "ఆంజనేయులూ, నీ మాట మీద తీసిస్తాండా. నాకు ఒక్కటే. దావలో నా బిడ్డని నిలబెట్టని బండి కావాల. తెచ్చినాక మొదటి ఆదివారం పెనుకొండ దాకా నేను ఎనకాలే కారులో వస్తా. ఈ నలభై కిలోమీటర్లలో ఏదన్నా తిక్క చేసిందా, మళ్లా దాని మొహం చూడను. షోరూముకే తిరిగి పోతాది. బిడ్డ కూడా సరే అనింది."

"సరే శెట్టీ" అన్నాడు ఆంజనేయులు. ఫోన్ పెట్టేశాక, భార్య కౌసల్యమ్మ అడిగింది: "నువ్వు విప్పి చూడని బండికి పూచీ ఏంటికి పడినావు?" ఆయన స్క్రూడ్రైవరును గూట్లో పెట్టి, స్వామి పటం దిక్కు ఒకసారి చూశాడు.

బుక్ చేసిన మూడు నెలలకు, ఒక గురువారం బండి వచ్చింది. శుక్రవారం పూజ అయింది. గంధం, కుంకుమ, పూలు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆదివారం పొద్దున ఆంజనేయులు రోజూ కన్నా ముందే వచ్చి షెడ్డు ముందర నీళ్లు చల్లించి కూర్చున్నాడు. ధర్మవరం వాళ్లు వచ్చేశారు. ఆ బండిని ఎంత వెక్కిరించినా, కృష్ణకాంత్ ఆ రోజు అంగడి నుంచి జరీ అంచు ఎర్ర గుడ్డ ముక్క ఒకటి తెచ్చాడు, కొత్త బండి హ్యాండిల్‌కు కడదామని. ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టుకున్నాడు. అయినా అందరూ చూశారు.

ఏడు కావస్తుండగా సహ్య మలుపు తిరిగింది. వెనకాలే సుబ్బారావు కారు. కారులో వెనక సీట్లో సుబ్బారావు తల్లి కన్యకమ్మ. పెనుకొండలో స్వామి దర్శనం చేసుకోవాలని ఆమె కూడా బయల్దేరింది. ఎనభై దాటిన మనిషి.

ప్రియదర్శిని హెల్మెట్ తీయగానే ఆంజనేయులుకు విషయం అర్థమైంది. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. మీటర్లో పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతోంది.

"సోమందేపల్లి దాటినాక వచ్చింది మామా. ఆపి మళ్లా స్టార్ట్ చేసినా. పోతాండాది, మళ్లా వస్తాండాది. ఇప్పుడు పోవడమే లేదు."

అమర్‌నాథ్ వంగి చూశాడు. "ఏబీఎస్ దీపం. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు చక్రం పట్టేసి జారకుండా కాచుకునేది అదే. అది పని చెయ్యడం లేదని దీపం చెప్తాండాది." ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే మిల్లీమీటర్ల హుషారు లేదు.

సుబ్బారావు కారు దిగాడు. కోపంగా లేడు. కోపంగా ఉండి ఉంటే బాగుండేదేమో. "ఇంగ చాలు తల్లీ" అన్నాడు మెల్లగా. "బ్రేకుల సంగతి. నేను తట్టుకోలేను. రేపు ఫోన్ చేస్తా, వాళ్లే వచ్చి తీసుకపోతారు."

ప్రియదర్శిని మాట ఇచ్చిన పిల్ల. బండి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

"నేను ముందే చెప్పలా..." అని మొదలుపెట్టాడు కృష్ణకాంత్. ఆ పిల్ల మొహం చూసి, "నేనేం చెప్పినాలే, నాకేం తెలుసు" అని తనకు తానే సర్దుకున్నాడు. మూడు నెలలు ఆ బండిని తిట్టినవాళ్లూ పొగిడినవాళ్లూ ఇప్పుడు ఒకే పక్క నిలబడి ఉన్నారు. అది నిజంగా తిరిగిపోతుందంటే ఎవరికీ బాగా లేదు.

"సాఫ్ట్‌వేర్ అయ్యుంటాది" అన్నాడు అమర్‌నాథ్. "ల్యాప్‌టాప్ తగిలించి చూడాల. ఈడ కాదు, బెంగుళూరులోనే."

"శెట్టీ" అన్నాడు ఆంజనేయులు. "నాకు ఒక్క అరగంట ఇస్తావా?"

సుబ్బారావు గడియారం చూసుకోలేదు. "తీసుకోప్పా. నీ మాట మీదే కదా తెచ్చింది" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అయినా అది ఆంజనేయులు భుజం మీద మూటలాగా కూర్చుంది.

స్క్రూడ్రైవరు తీసుకుని, స్టార్ట్ చేయించి, చెవి పెట్టాడు. ఇంజను ఆ రోజు డెమో బండిలో విన్నట్టే ఉంది. నిమ్మళంగా, సమంగా. ఆపించాడు. కాసేపు బండి ముందర గొంతుక్కూర్చుని, చక్రం దిక్కే చూస్తూ ఉండిపోయాడు. బ్రేకు సంగతి అంటున్నారు. బ్రేకు ఇంజనులో లేదు కదా, చక్రం దగ్గర కదా ఉండేది. ఇంజను ఆపితేనే చక్రం మాట వినబడుతుంది.

"అందరూ బండ్లు ఆపండి నాయనా."

అన్నీ ఆగాయి. కృష్ణకాంత్ బండి చివరగా ఆగింది. అంతదాకా అక్కడ అంత రొద ఉందని ఎవరికీ తెలియలేదు. యల్లక్క తనంతట తనే స్టవ్వు కట్టేసింది. పాలు పొంగకుండా గిన్నె దించి, గరిటె చప్పుడు కాకుండా పక్కన పెట్టింది.

ముందు భాగం కింద జాకీ పెట్టి లేపారు. అటు అమర్‌నాథ్, ఇటు కృష్ణకాంత్ పట్టుకున్నారు. ఆంజనేయులు నేల మీద పడుకోబోతే, కృష్ణకాంత్ ఒంటి చేత్తోనే తన జర్కిన్ తీసి కింద పరిచాడు. "తడి ఉండాది, నడుము పట్టుకుంటాది" అన్నాడు. ఆంజనేయులు దాని మీద వెల్లకిలా పడుకుని, స్క్రూడ్రైవరు మొనను చక్రం ఇరుసు పక్కన ఆనించి, ఎడం చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు.

కళ్లు మూసుకున్నాడు. బావి గట్టు మీద పడుకున్నట్టే ఉంది.

సర్... సర్... సర్...

కొత్త బట్ట మీద వేలు రాసినంత చప్పుడు. ఇంజను మోగుతుంటే ఎప్పటికీ వినబడదు. ఇంకోసారి తిప్పాడు. సర్... సర్...

కళ్లు తెరిచి, తల ఇంకొంచెం లోపలికి జరిపాడు. ఇరుసు పక్కన గంధం, దాని మీద కుంకుమ, వాడిన మల్లెపూల కొస. వాటి కింద, చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు కాలికి మూడు చుట్లు చుట్టి ముడేసిన నల్లతాడు. దిష్టి తాడు. కొసన ఒక చిన్న ఇనుప పూస. పసుపు నీళ్లతో తడిపి కట్టినప్పుడు బిగువుగా ఉండి ఉంటుంది. రెండు రోజులకు ఆరి, హైవే గాలికి వదులై, ఆ కొస జారి లోపలికి పోయింది. చక్రంతో పాటు తిరిగే చిల్లుల రింగు ఒకటి, దాని పక్కన కదలకుండా కూర్చుని ఆ చిల్లుల్ని లెక్కపెట్టే నల్లటి బుడిపె ఒకటి. తాడు కొస పూసతో సహా సరిగ్గా ఆ రెంటి నడుమ ఇరుక్కుని ఉంది.

అమర్‌నాథ్ ఇందాక ఈ చక్రాన్నే చూశాడు. కృష్ణకాంత్ చూశాడు. తాను కూడా చూశాడు. పూజ చేసిన చోటు అది. ప్రతి బండికీ ఉండేదే. చూసి, మనసులో దండం పెట్టుకుని, అక్కడినుంచి చూపు తీసేసే చోటు.

"ఏమన్నా కనపడిందా మామా?" ప్రియదర్శిని పక్కన వంగి కూర్చుంది.

ఆయన గొంతు తగ్గించాడు. "ఈ తాడు ఎవరు కట్టినారమ్మా?"

"అవ్వ." ఆ పిల్ల ఇరుక్కున్న తాడు కొసను చూసి, కారణం పట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను నెలలు నిండకుండా పుట్టినానంట మామా. బతుకుతానో లేదో అంటే, అవ్వే కాలికి నల్లతాడు కట్టి, ఎదకి ఆనించుకొని పెంచింది. అట్లాంటి తాడే ఇదీ. 'బండికి కూడా కాలికే కట్టాల, దిష్టి ఆడే తగిలేది' అని కూర్చొని కట్టింది."

ఆంజనేయులు కారు దిక్కు చూశాడు. తలుపు తీసి ఉంది. కన్యకమ్మ ఒడిలో కొబ్బరికాయ పెట్టుకుని, పెదవులు కదుపుతూ ఏదో జపం చేసుకుంటోంది. మనవరాలి బండికి ఏమీ కాకూడదనే అయ్యుంటుంది ఆ జపం.

ఇప్పుడు ఏం చెయ్యాలి? తప్పు బండిది కాదని చెప్పకపోతే బండి తిరిగిపోతుంది. చెప్తే, రెండు ఊళ్ల వాళ్ల ముందర ఆ పెద్దామె చేతికి తప్పు అంటుతుంది. ఎవరికీ కనపడకుండా కొస లాగేసి, దుమ్ము పడిందని చెప్పొచ్చు. ఆ ఆలోచన వచ్చింది ఆయనకు. వచ్చినట్టే పోయింది. అబద్ధం చెప్పని ఇంజను అని తానే కదా అన్నాడు. ఇంజను పాటి కూడా కాకపోతే ఎట్లా?

లేచి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, షెడ్డులోని పీట తీసుకుని కారు దగ్గరికి పోయాడు.

"అమ్మా, ఒక సాయం చెయ్యాల. నీ చెయ్యే కావాల."

"నా చెయ్యా?" కన్యకమ్మ ఆశ్చర్యపోయింది. "బండి పనికి నా చెయ్యి ఏంటికప్పా?"

"రామ్మా, చూపిస్తా."

ఆమెను చెయ్యి పట్టి నడిపించుకొచ్చి, చక్రం పక్కన పీట వేసి కూర్చోబెట్టాడు. "ఈ ముడి విప్పాల. నేను కత్తెరతో కోసెయ్యొచ్చు. పూజ చేసిన తాడు కదా, కత్తెర పెట్టేదానికి చెయ్యి రాలేదు. కట్టిన చెయ్యే విప్పాల."

"ఏంటికి విప్పాల?"

"నువ్వు బిడ్డ కాలనుకొని కట్టినావు. న్యాయమే. చూసే మనకు ఇది కాలే. కానీ ఈ కొత్త బండ్లకి కన్ను ఈడ పెట్టినారమ్మా. ఇదిగో, ఈ నల్ల బుడిపె. చక్రం ఎట్ల తిరుగుతాండాదని ఇది చూసుకుంటా ఉంటాది. తాడు కొస దీని కంట్లో పడింది. కంట్లో నలక పడితే మనం ఊరికే ఉంటామా? ఇది కూడా అంతే, దీపం ఎలిగించి అడుగుతాండాది. బండిలో ఇంగ ఏ తప్పూ లేదు."

కన్యకమ్మ ఆ బుడిపెను చూసింది, తాడును చూసింది, మనవరాలిని చూసింది. ఆమె గడ్డం వణికింది.

అప్పుడామె నవ్వింది. పళ్లు లేని నోటితో, భుజాలు కదిలేటట్టు నవ్వింది.

"సరిపోయింది! దిష్టి తగలకూడదని పోయి, నేనే దాని కంట్లో పొడిచినానా?" వెనక్కి తిరిగి గట్టిగా కేకేసింది. "ఒరే సుబ్బూ! షోరూమోళ్లని ఒక్క మాట అనాకు. ఫోనూ గీనూ చెయ్యాకు. బండి బంగారం. కట్టింది నేను!"

మొదట నవ్వింది యల్లక్క. ఆ తర్వాత అందరూ.

ముడి విప్పడం అంత తేలిక కాలేదు. పసుపుతో ఆరి బిగుసుకుపోయింది. కన్యకమ్మ వేళ్లకు పట్టు చిక్కలేదు. ప్రియదర్శిని ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి సాయం పట్టింది. పది నిమిషాలు పట్టింది. ఇటివ్వండి నేను విప్పుతా అని ఎవరూ ముందుకు రాలేదు, తొందర పెట్టలేదు. అమర్‌నాథ్ ఎండ పడకుండా ఆమెకు అడ్డం నిలబడ్డాడు. కొస బయటికి వచ్చాక ఆంజనేయులు ఆ బుడిపెను మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ చక్రం తిప్పి చెవి పెట్టాడు. ఏమీ వినబడలేదు. ఏమీ వినబడకపోవడం ఆయనకు ఇంత సంతోషం ఇచ్చిన రోజు ఇంకొకటి లేదు.

"ఇప్పుడు యాడ కట్టేది?" అంది కన్యకమ్మ తాడు పట్టుకుని. కట్టకుండా పంపే ఉద్దేశం ఆమెకు ఏ కోశానా లేదు.

ఇంజనుకు కాపుగా ఉండే ఇనుప గొట్టాన్ని ఆంజనేయులు చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తడిమి చూసింది.

"ఈడ ఏ కన్నూ లేదు కదా?"

"లేదమ్మా. ఒట్టి పైపు."

"చెవి?"

"చెవి కూడా లేదు."

గట్టిగా మూడు చుట్లు చుట్టి, ముడేసి, కొసలను ఆంజనేయులు చేత కత్తిరింపించింది. కొత్త కొసకు కత్తెర పెడితే ఆమెకు పట్టింపు లేదు. కృష్ణకాంత్ కూడా అదే అదను చూసుకుని జేబులోంచి ఎర్ర గుడ్డ తీసి హ్యాండిల్‌కు కట్టాడు. "మా అంగడిది. మిక్సీకి కూడా కొంచెం కళ రావాల కదా" అన్నాడు.

ప్రియదర్శిని బండెక్కింది. మునివేళ్లతో నేలను అందుకుని, గేరు వేసి, మెల్లగా కదిలించింది. అందరి కళ్లూ ఆ పసుపుపచ్చ దీపం మీదే అనుకోవాలి గానీ, అది ఆమెకొక్కదానికే కనబడుతుంది. అందుకని అందరూ ఆమె మొహాన్నే చూస్తున్నారు. పదిహేను అడుగులు పోయింది. ఇరవై. అప్పుడు ఆ మొహంలో వెలుగు వచ్చింది. ఇంక ఎవరూ అడగనక్కర లేకపోయింది.

"ఆరిపోయింది నాయనా!" అని అరిచింది. నాయనా అని పిలిచింది సుబ్బారావునే అయినా, ఆంజనేయులు కూడా తల ఊపాడు.

సుబ్బారావు కూతురి దగ్గరికి నడిచిపోయి, బండి అద్దం మీద లేని దుమ్మును ధోతి కొసతో తుడిచాడు.

"మళ్లా నంబులపూలకుంట పక్కకి ఎప్పుడు పోతావు?"

ప్రియదర్శిని ఒక క్షణం నమ్మలేనట్టు చూసింది. "మంగళవారం పోవాల నాయనా."

"దాసమ్మకి రెండు బెల్లం అచ్చులు కట్టిస్తా. ఎనక పెట్టెలో పెట్టుకోనిపో. మంచిది, కొత్త బెల్లం."

తండ్రి నోట వచ్చిన అనుమతి పత్రం అదే. ఆ పిల్లకు తెలుసు. తర్వాత సుబ్బారావు ఆంజనేయులు వైపు తిరిగి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. గ్రీసు అంటుతుందని ఆంజనేయులు వెనక్కి లాక్కోబోతే, వదల్లేదు.

"చూసినారా" అన్నాడు అమర్‌నాథ్ గుంపుతో, తానే బాగు చేసినంత గర్వంగా. "బెంగుళూరు ల్యాప్‌టాప్ కూడా ఈ తాడు సంగతి చెప్పుండేది కాదు. మా అన్న చెవి చెప్పింది. పెనుకొండలో ఉండాది అట్లాంటి చెవి."

"బండి మంచిదే అని ఒప్పుకుంటా" అన్నాడు కృష్ణకాంత్. "శబ్దం మాత్రం మిక్సీనే. అందులో మార్పు లేదు."

"ఆ మిక్సీని కూడా ఆపినాకే నాకు తాడు వినపడింది నాయనా" అన్నాడు ఆంజనేయులు. "నీ బండి మోగుతాంటే నల్లతాడు కాదు కదా, నవారు మంచం ఇరుక్కున్నా వినపడదు."

ఆ నవ్వుల్లోనే హెల్మెట్లు పెట్టుకున్నారు. ఆ రోజు సవారీ ధర్మవరం దాకా. ఆచారం తప్పకుండా ప్రతి బండికీ ఆయన చెవి పెట్టాడు. అందరికన్నా ముందు ఎవరు పోవాలన్న దానికి మామూలుగా ఒక పోట్లాట జరుగుతుంది. ఆ రోజు జరగలేదు. కృష్ణకాంత్ తన బండిని పక్కకు జరిపి దావ ఇచ్చాడు. ప్రియదర్శిని ముందర, మిగిలినవాళ్లు వెనక. ఆంజనేయులు రోడ్డు అంచున నిలబడి విన్నాడు. అన్ని బండ్ల చప్పుళ్లూ ఆయనకు పేరు పేరునా తెలుసు. మలుపు దాటాక కూడా కృష్ణకాంత్‌ది చాలాసేపు వినబడింది. మొదట వినబడకుండా పోయింది సహ్య. దాని చప్పుడు ఆగినచోట కూడా ఆయన కాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

వెనక్కి తిరిగితే, కన్యకమ్మ ఆయన షెడ్డు ముందర పీట మీద కూర్చుని ఉంది. యల్లక్క ఇచ్చిన టీ పక్కన చల్లారిపోతోంది. ఆమె చేతిలో ఆయన స్క్రూడ్రైవరు. కత్తిరించగా మిగిలిన నల్లతాడు ముక్కను దాని చెక్క పిడికి చుడుతోంది.

"ఏంటికమ్మా అది?"

"ఉండు. ఇంత మంది నోట్లో పడిన వస్తువు." పళ్లు లేని చిగుళ్లతో కొసను పట్టి ముడి బిగించింది. "దీనికి కన్ను యాడన్నా ఉండాదా? ముందే చెప్పు."

"లేదమ్మా" అన్నాడు ఆంజనేయులు. "దీనికి ఉండేది నా చెవే."

"అయితే ఇంగ గట్టిగా కట్టాల" అని ఆమె ఇంకొక ముడి వేసింది.